వీడియో చిత్రములందలి దువ్వెనగీతలు: వాని కారణములు, నివారణోపాయములు



ఇప్పటి సెల్‌ఫోనులు రాకమునుపు మన ప్రాంతమందలి వివాహములు, బాప్తిస్మములు, పాఠశాలా వార్షికోత్సవములు, క్రిస్మసు నాటకములు కామ్‌కార్డరు అను చేతికెమెరాతో చిన్న టేపులపై చిత్రింపబడుచుండెను. ఆ టేపులు నేటికిని పెక్కు గృహములలో బీరువాల అడుగున పడియున్నవి. వానిని నడిపించు యంత్రములు దినదినము అరుదగుచున్నవి. టేపుపై నుండు అయస్కాంతపు పూతయు కాలక్రమమున క్షీణించునదే. కావున వివేకులైన వారు ఆ చిత్రములను కంప్యూటరులోనికి దిగుమతి చేసికొని భద్రపఱచుకొనుచున్నారు. ఇది మిక్కిలి మెచ్చదగిన పని.

అయితే అట్లు దిగుమతి చేసిన చిత్రమును కంప్యూటరు తెఱపై చూచినప్పుడు అనేకులకు ఒక చిక్కు ఎదురగుచున్నది. చిత్రములోని బాలుడు పరుగిడినపుడు వాని చేతుల అంచులు, కాళ్ల అంచులు సన్నని అడ్డగీతలుగా చీలి, దువ్వెనపండ్లవలె కానవచ్చును. దీనిని చూచినవారు టేపు చెడిపోయినదని నిశ్చయించుకొని, కొందఱు దానిని పాఱవేయుటయు కలదు. ఆ టేపుపై నున్నది కీర్తిశేషురాలైన అవ్వ యొక్క ముఖమో, కంఠస్వరమో అయినయెడల ఆ నష్టమును తీర్చువారెవరు? నిజమునకు ఈ గీతలు టేపు యొక్క దోషము కానే కావు. అవి ఏల పుట్టుచున్నవో, వానిని ఎట్లు పోగొట్టవలెనో ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

దోషమును గుర్తించుట

వైద్యుడు మందిచ్చుటకు ముందు రోగమును నిర్ణయించును. మనమును అట్లే చేయవలెను. ఈ దువ్వెనగీతలకు మూడు లక్షణములు కలవు. మొదటిది, ఇవి కదలుచున్న వస్తువుల అంచులయందే కానవచ్చును. కదలని గోడ, వేదిక, బల్ల మొదలగునవి నిర్మలముగనే యుండును. రెండవది, ఇవి యెల్లప్పుడును అడ్డముగా నుండును. ప్రతి గీతయు ఒక్క చుక్క యెత్తు మాత్రమే కలిగి, ఒకటి విడిచి ఒకటిగా వరుస తీఱియుండును. మూడవది, చిత్రమును నడుమ నిలిపి చూచిన యెడల ఇవి మఱింత స్పష్టమగును.

ఈ మూడు లక్షణములు లేనిచో అది వేఱొక దోషము. డిజిటలు టేపు చిత్రమున చతురస్రపు ముక్కలు చెదరి కానవచ్చినచో, టేపును చదువు హెడ్డుపై మలినము చేరినదనియో, టేపు ఆ చోట దెబ్బ తినినదనియో తలంపవలెను. పాత వి.హెచ్.ఎస్. టేపుల చిత్రమునకు అట్టడుగున కొలది పంక్తులు వంకరగా వణకుచుండుట సహజము. పూర్వపు టెలివిజనులలో ఆ భాగము చట్రము చాటున మఱుగుపడియుండెడిది. ఈ దోషములకు దిగువ చెప్పబోవు చికిత్స పనిచేయదు.

కొంచెము చరిత్ర

టెలివిజను చిత్రము పుస్తకపు పుటవలె పంక్తులుగా చదువబడును. యంత్రము ఎడమనుండి కుడికి ఒక పంక్తిని చదివి, దాని క్రింది పంక్తికి దిగును. ఇట్లు పుట ముగిసినచో ఒక పూర్ణచిత్రము, అనగా ఒక ఫ్రేము, తయారగును. క్షణమునకు 25 ఫ్రేములు చూపినచో మన కంటికి చలనము తోచును. కాని 25 మారులే తెఱ వెలిగి ఆఱినచో కన్ను ఆ మినుకును గ్రహించి బాధపడును. సినిమాశాలలో ఈ చిక్కును సులభముగా దాటిరి. అచ్చట క్షణమునకు 24 చిత్రములే యున్నను, ఒక్కొక్క దానిని రెండు మారులు వెలిగించి చూపుదురు. ఆనాటి టెలివిజను పెట్టెకు అట్టి వీలు లేకుండెను. ఏలయనగా చిత్రమును నిలువ యుంచుకొని మరల చూపు శక్తి దానికి లేదు. క్షణమునకు 50 పూర్ణచిత్రములను పంపుదమన్నచో ప్రసారమునకు రెండింతల విస్తీర్ణము కావలసియుండెను.

ఈ సంకటమునకు ఇంజనీర్లు కనుగొనిన ఉపాయమే ఇంటర్‌లేసింగు, అనగా పెనవేత. జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థకు చెందిన ఫ్రిట్స్ ష్రోటరు, అమెరికాలో ఆర్.సి.ఎ. సంస్థకు చెందిన రాండల్ బాలర్డు 1930 మొదలుకొని రెండు మూడు సంవత్సరములలో ఈ మార్గమును వేర్వేరుగా రూపొందించిరి. దీని రహస్యమిది: మొదట 1, 3, 5, 7 అను బేసి పంక్తులను మాత్రమే చదివి పంపుదురు. తరువాత 2, 4, 6, 8 అను సరి పంక్తులను చదివి పంపుదురు. ఒక్కొక్క సగమునకు ఫీల్డు అని పేరు. క్షణమునకు 50 ఫీల్డులు వచ్చుటచే మినుకు తగ్గును. పంపవలసిన పంక్తుల మొత్తము మాత్రము 25 పూర్ణచిత్రములకు సరిపోవునదే. 1936 నవంబరు 2వ తేదీన లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెసునుండి బి.బి.సి. వారు క్రమబద్ధమగు ప్రసారము ప్రారంభించినపుడు రెండు పద్ధతులను వంతులవారీగా పరీక్షించిరి. పెనవేత లేని 240 పంక్తుల బెయిర్డు పద్ధతి 1937 ఆరంభమున విడువబడెను. పెనవేతగల 405 పంక్తుల మార్కోని-ఇ.ఎమ్.ఐ. పద్ధతి నిలిచెను. తరువాత మన దేశమందు 1959లో ఢిల్లీయందు టెలివిజను ప్రారంభమైనపుడు 625 పంక్తుల పెనవేతయే స్వీకరింపబడెను.

405, 525, 625 ఇవి యన్నియు బేసిసంఖ్య లగుట యాదృచ్ఛికము కాదని విద్యార్థులు గమనింపవలెను. 625ను రెండుగా విభజించినచో 312½ వచ్చును. ఆ అర పంక్తి కారణముననే రెండవ ఫీల్డు మొదటి దాని పంక్తుల నడుమ తనంతట తానే సరిగా అమరును.

పూర్వపు గాజుగొట్టపు టెలివిజనులలో ఒక పంక్తి వెలిగి, తరువాతి ఫీల్డు వచ్చులోపల దాదాపు ఆఱిపోవుచుండెను. కావున రెండు ఫీల్డులును ఒకే మారు తెఱపై నిలిచియుండెడివి కావు. మన కన్ను వానిని కలుపుకొనుచుండెను. నేటి పలుచని తెఱలు అట్లు కాదు. అవి బేసి పంక్తులను సరి పంక్తులను ఒక్కమారే చూపును. ఒక కాలమున తీసిన సగమును, మఱియొక కాలమున తీసిన సగమును ప్రక్కప్రక్కన నిలిపి చూపుటచేతనే దువ్వెనగీతలు పుట్టుచున్నవి.

ఒక లెక్క

ఈ విషయమును గణితముచే పరీక్షింతము. మన దేశపు పాల్ పద్ధతిలోని డి.వి. చిత్రమునకు వెడల్పున 720 చుక్కలు, నిలువున 576 పంక్తులు కలవు. పరుగుపందెములో ఒక బాలుడు తెఱను ఈ చివరనుండి ఆ చివరకు 2 సెకనులలో దాటెననుకొందము. అప్పుడు వాడు సెకనునకు 360 చుక్కల దూరము పోవుచున్నాడు. రెండు ఫీల్డుల నడుమ కాలము 1/50 సెకను. 360ని 50చే భాగించిన 7.2 వచ్చును. అనగా సరి పంక్తులలోని బాలుడు బేసి పంక్తులలోని బాలునికంటె ఏడు చుక్కల దూరము ముందున్నాడు. దువ్వెనపండ్ల పొడవు ఇదియే.

అదే తెఱను ఒక వృద్ధుడు మెల్లగా నడచి 12 సెకనులలో దాటినచో, దూరము సెకనునకు 60 చుక్కలు, ఫీల్డునకు 1.2 చుక్క మాత్రమే. అది కంటికి ఆనదు. ప్రసంగించుచున్న అధ్యక్షుని ముఖమున గీతలు లేకుండుటకును, బాలికల కోలాటమున కోలలన్నియు చీలికలై కానవచ్చుటకును కారణమిదియే. టేపు చెడిపోయినచో ఇట్టి పక్షపాతము చూపదుగదా!

ప్రథమ పరీక్ష

గీతలు కనబడినవెంటనే ఏ మార్పును చేయక, ముందుగా ఈ పరీక్ష చేయవలెను. వి.ఎల్.సి. అను ఉచిత ప్లేయరులో ఆ ఫైలును తెఱచి, నడచుచుండగా వీడియో అను మెనూలోనికి పోయి, డీఇంటర్‌లేస్ అనుదానిని ఆన్ చేయవలెను. దాని క్రింద నున్న పద్ధతులలో యాడిఫ్ 2ఎక్స్ అనుదానిని గాని బాబ్ అనుదానిని గాని ఎన్నుకొనవలెను. గీతలు మాయమై కదలిక నునుపుగా కానవచ్చినచో ఫైలు ఆరోగ్యముగా నున్నదని నిశ్చయము. చూపుటయందే లోపము గాని చిత్రమందు లేదు. కేవలము చూచి ఆనందించుటకే అయినచో ఈ చికిత్స చాలును. ఫైలును మార్చ నవసరము లేదు.

గీతలు పోనిచో ఫైలు యొక్క కొలతలను చూడవలెను. పాల్ చిత్రమునకు నిలువున 576, అమెరికా, జపాను దేశముల ఎన్.టి.ఎస్.సి. డి.వి. చిత్రమునకు 480, తరువాతి కాలపు హెచ్.డి. కామ్‌కార్డరులలో పెక్కింటికి 1080 పంక్తులుండును. వీనికి బదులు 360, 540 వంటి సంఖ్య కానవచ్చినచో, ఎవరో పెనవేతను విడదీయకయే చిత్రమును కుదించిరని తెలిసికొనవలెను. అట్లు కుదించినపుడు బేసి సరి పంక్తులు ఒకదానిలో నొకటి కరగి, సన్నని గీతలకు బదులు మందమైన అలలవంటి పట్టీలు ఏర్పడును. కలిసిన పాలను నీళ్లను వేరుచేయ నెట్లు తరము కాదో, ఆ పంక్తులను వేరుచేయుటయు అట్లే తరము కాదు. ఇట్టి ఫైలునకు మందు లేదు; టేపునుండి మరల దిగుమతి చేయుటయే శరణ్యము. టేపును పాఱవేయరాదని మేము నొక్కి చెప్పుటకు ముఖ్యకారణమిదియే.

మఱికొన్ని పొరపాటులు

చిత్రము పరుగిడునపుడు గీతలకు తోడు ముందు వెనుకలకు తూగులాడినచో, ఫీల్డుల వరుస తలక్రిందులైనదని యెఱుగవలెను. ఏ ఫీల్డు ముందు, ఏది వెనుక అనునది అన్ని యంత్రములలో నొకటి కాదు. డి.వి. టేపులలో క్రింది ఫీల్డు ముందు వచ్చును, హెచ్.డి.వి., ఎ.వి.సి.హెచ్.డి. చిత్రములలో పై ఫీల్డు ముందు వచ్చును. కంప్యూటరునకు తప్పు వరుస చెప్పినచో 1, 2, 3, 4 అని రావలసిన ఫీల్డులు 2, 1, 4, 3 అని వచ్చును. అనగా బాలుడు ఒక అడుగు వెనుకకు, మూడడుగులు ముందునకు వేయుచున్నట్లుండును. ఎడిటింగు సాఫ్ట్‌వేరులో ఫీల్డు ఆర్డరు అను చోట సరియైన దానిని ఎన్నుకొనినచో ఈ కంపము తక్షణమే మానును.

చిత్రపు పైభాగమున కొన్ని పంక్తులను కత్తిరించునపుడును జాగ్రత్త కావలెను. 1, 3 వంటి బేసిసంఖ్యలో కత్తిరించినచో పై ఫీల్డు క్రిందిదై, క్రిందిది పైదగును. కావున 4, 8, 12 అను విధముగా నాలుగుచే భాగింపబడు సంఖ్యలోనే కత్తిరించుట క్షేమము. విడదీసిన తరువాతనే కత్తిరించుట అంతకంటె క్షేమము.

విడదీయు పద్ధతులు

ఇతరులకు పంపుటకో, ఫోనులో చూచుటకో శాశ్వతముగా గీతలు లేని ప్రతి కావలెనన్నచో, పెనవేతను విడదీయవలెను. దీనికి పలు మార్గములు కలవు. అన్నియు సమానములు కావు.

ఒక ఫీల్డును విసర్జించి రెండవదానినే సాగదీయుట మొదటి మార్గము. గీతలు పూర్తిగా పోవును గాని, చిత్రములోని వివరములలో సగము పోవును, కదలికలోను సగము పోవును. ఒక దృశ్యమును ఫొటోగా అచ్చు వేసికొనుటకు మాత్రము ఇది తగును.

రెండు ఫీల్డులను కలిపి సగటు చేయుట రెండవ మార్గము. దీనికి బ్లెండ్ అని పేరు. గీతలు పోవును గాని, కదలుచున్న ప్రతి వస్తువునకును ఒక నీడ జంటగా తోచును. పరుగిడు బాలునికి నాలుగు కాళ్లుండును. దీనిని మేము సిఫారసు చేయము.

ప్రతి ఫీల్డును ఒక పూర్ణచిత్రముగా పెంచుట మూడవ మార్గము, ఇది బాబ్. దీనివలన క్షణమునకు 50 ఫ్రేములు వచ్చి, కదలిక పూర్వపు టెలివిజనులోవలెనే నునుపుగా నుండును. అయితే కదలని అక్షరముల అంచులు కొంచెము వణకును.

కదలని చోట రెండు ఫీల్డులను యథాతథముగా అల్లి, కదలిన చోట మాత్రము విడదీయుట నాలుగవ మార్గము. యాడిఫ్, బి.డబ్ల్యు.డిఫ్ అను ఫిల్టరులు ఈ విధముగా పనిచేయును. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో ఫిల్టర్స్ అను పుటయందు డీఇంటర్‌లేస్ అనుచోట వీనిని ఎన్నుకొనవచ్చును. అచ్చటనే బాబ్ అను ఎన్నికను చేసి, తయారైన ప్రతి క్షణమునకు 50 ఫ్రేములు కలిగియున్నదో లేదో సరిచూడవలెను. ఆటలకు, నృత్యములకు ఇదియే ఉత్తమము. చిత్రమును చిన్నది చేయదలచినచో విడదీసిన పిమ్మటనే చేయవలెను; ఈ వరుసను ఎన్నడును తాఱుమాఱు చేయరాదు.

విదేశములనుండి వచ్చిన టేపులు

మన తెలుగు కుటుంబములలో పెక్కింటివారి బిడ్డలు అమెరికాలో స్థిరపడియున్నారు. వారు అచ్చట తీసి పంపిన టేపులు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి: 525 పంక్తులు, క్షణమునకు ఇంచుమించు 60 ఫీల్డులు. వీనిని పాల్ చిత్రములతో కలిపి ఒకే ఫైలుగా కూర్చినపుడు సాఫ్ట్‌వేరు పంక్తులను సాగదీసి, ఫీల్డులను కలగాపులగము చేయును. ముందుగా ఒక్కొక్క దానిని విడదీసి, తరువాత కలుపవలెను. వీలైనచో రెండింటిని వేర్వేరు ఫైలులుగనే యుంచుట మేలు.

అమెరికానుండి తెచ్చిన కెమెరాతో ఇచ్చట ట్యూబులైట్ల వెలుతురున తీసినచో చిత్రమంతయు మినుకుమినుకుమనుట కొందఱు చూచియుందురు. మన విద్యుత్తు క్షణమునకు 50 మారులు తిరుగును గనుక చోకుతో వెలుగు పాత ట్యూబులైటు 100 మారులు వెలిగి తగ్గును. కెమెరా 60 ఫీల్డులు తీయును. ఈ రెండును పొసగక మూడు ఫీల్డుల కొకసారి వెలుతురు హెచ్చుతగ్గులు తిరిగివచ్చును. ఇది పెనవేత దోషము కాదు. డీఇంటర్‌లేస్ చేసినను పోదు. తీయునపుడే షట్టరు వేగమును 1/100 సెకనుగా నుంచుట దీనికి నివారణ.

దిగుమతి చేయించువారికి సూచనలు

అనేకులు ఈ పనిని దుకాణములలో చేయింతురు. అట్టివారు టేపు ఇచ్చుటకు ముందు ఈ ప్రశ్నలను మర్యాదతో అడుగవలెను. మినీ డి.వి. టేపును ఫైర్‌వైరు తీగద్వారా దిగుమతి చేయుదురా? అట్లు చేసినచో టేపుపై నున్నది నున్నట్లే కంప్యూటరులోనికి వచ్చును. పూర్ణమైన 576 పంక్తులతో, పెనవేతను చెఱుపకయే మూలప్రతిని ఇత్తురా? గంటకు సుమారు 13 గిగాబైట్ల స్థలము పట్టును. హార్డుడిస్కు మేమే తెచ్చెదము అని చెప్పవచ్చును. గీతలు లేని చిన్న ప్రతిని దానికి తోడుగా వేఱుగా ఇత్తురా? టేపులను తిరిగి మా చేతికిత్తురా?

ఈ నాలుగు ప్రశ్నలలో చివరిది అతిముఖ్యమైనది. మూలప్రతిని రెండు వేర్వేరు డిస్కులలో, వీలైనచో రెండు వేర్వేరు ఇండ్లలో నుంచవలెను. గీతలు తీసివేసిన ప్రతి ఎంత చక్కగా నున్నను దానిని మూలముగా భావింపరాదు. పెనవేతను విడదీయు విద్య యేటేట వృద్ధియగుచున్నది. నేటి ఫిల్టరుకంటె మేలైనది ముందు రావచ్చును. మూలము మన యొద్ద నున్నచో ఆ మేలును పొందగలము. మూలము పోయినచో ఎంత మంచి సాధనము వచ్చినను ఫలము లేదు. ఫోను సందేశములద్వారా పంపిన చిత్రములు దారిలో మరల కుదింపబడును గనుక అట్టివానిని ఒక్కదానినే నమ్ముకొని యుండుటయు తగదు.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఇండ్లలోని బీరువాలను వెదకుడు. టేపులు దొరకినచో వానిపై నున్న చీటీలను చదివి, ఏ సంవత్సరమున ఏ శుభకార్యమున తీసినవో పెద్దలను అడిగి వ్రాసికొనుడు. ఎండ, తేమ, స్పీకరులలోని అయస్కాంతములు తగులని చోట నిలువుగా నుంచుడు. తెఱపై గీతలు కనబడినంతమాత్రమున దోషము ఫలానాదానిదని తీర్పు తీర్చక, పైన చెప్పిన క్రమమున పరీక్షింపుడు. మన పెద్దల ముఖములును, స్వరములును మనకు అప్పగింపబడిన ధనము. మనము దానికి గృహనిర్వాహకులము మాత్రమే. దానిని చెడకుండ మన తరువాతివారి చేతికి అందించుట మన విధి.